ప్యాకింగ్ పోయింది... ఎందుకు పోయినట్టు?

ఎండాకాలంలో జాతీయ రహదారి పక్కన ఆవిరి చిమ్ముతూ ఆగిపోయిన లారీలు కనిపించడం కొత్తేం కాదు. బస్సు కిటికీలోంచి చూసేవాళ్లకు అది ఒక్క క్షణం దృశ్యం. ‘పాపం, వేడెక్కినట్టుంది’ అనుకునేలోపే బస్సు ముందుకెళ్లిపోతుంది. వెనక ఆ లారీ దగ్గర మాత్రం ఒక సంసారం లెక్క మొత్తం తారుమారవుతుంది. కిరాయి పోతుంది. వాయిదా తేదీ ముంచుకొస్తుంది. లోడు పాడైతే షావుకారుకు సమాధానం చెప్పాలి. బండి మళ్లీ కదలాలంటే ఇంజన్ పైభాగమంతా విప్పాలి. ఇంతా చేసి పోయిందేమిటయ్యా అంటే... అట్టముక్కంత మందం ఉండే ఓ రేకు! డ్రైవర్ల భాషలో దాని పేరు ‘ప్యాకింగ్’. కంపెనీ పుస్తకాల్లో హెడ్ గ్యాస్కెట్.

కైకలూరు దగ్గర ఓ పల్లెలో ఉండే ఆ దంపతులకు ఈ ప్యాకింగ్ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎనిమిది నెలల్లో వాళ్ల లారీకి అది పోవడం రెండోసారి మరి!

ఆయన డ్రైవరు, ఆయనే ఓనరు. పది టైర్ల పాత టాటా బండి. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన చేపల్ని ఐసులో సర్ది బెంగాల్ వైపు తోలడం పని. ఆమె బండి ఎక్కదు. కానీ బండి లెక్కంతా ఆమె దగ్గరే. ట్రిప్పుకో పేజీ చొప్పున నోటుపుస్తకంలో రాస్తుంది. డీజిల్ ఎంత, టోలు ఎంత, క్లీనరు బత్తా ఎంత, దార్లో పంక్చరు పడితే దానికెంత... అన్నీ. రాత్రి ఆయన ఫోన్ చేసి ఒక్కోటీ చెబుతుంటే ఇవతల పెన్ను కదులుతుంటుంది.

మూత ముట్టుకోకురా!

ఆ రోజు చేపల లోడుతో కైకలూరులో బయల్దేరి, ఏలూరు దగ్గర హైవే ఎక్కి, భీమడోలు వైపు వెళ్తోంది బండి. వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు జరగడం గమనించాడాయన. ఇంకో పాతిక కిలోమీటర్లు లాగిస్తే తాడేపల్లిగూడెం దరిదాపులకు చేరొచ్చు. వెనక ఐసు కరుగుతోంది. లాగించాలనే అనిపించింది. అయినా బండి పక్కకు తీసి, ఇంజన్ ఆపేశాడు.

క్లీనరు కుర్రాడు నీళ్ల క్యాను పట్టుకుని పరుగెత్తాడు. రేడియేటర్ మూత మీద గుడ్డ వేసి తిప్పబోతుంటే ఆయన గట్టిగా కేకేశాడు.

‘‘ఒరేయ్, మూత ముట్టుకోకురా! మొహం కాల్తుంది!’’

ఆ కేక ఒట్టినే కాదు. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత బిగించి ఒత్తిడి పెంచితే అంతకంటే ఎక్కువ వేడెక్కినా మరగకుండా ఉంటాయి. రేడియేటర్‌లో జరిగేది అదే. వేడి మీద మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది. అప్పటిదాకా ఓపిక పట్టిన నీళ్లు ఆ క్షణంలోనే మరిగి, ఫౌంటెన్‌లా మొహం మీదికి ఎగుస్తాయి. ఏళ్ల తరబడి బండ్లు తోలిన వాళ్లలో చేతి మీద ఈ మచ్చ ఉన్నవాళ్లు తక్కువేం కాదు.

గంట తర్వాత మూత తీశారు. క్యానుడు నీళ్లు పట్టాయి. సెల్ఫ్ కొడితే ఇంజన్ ముక్కుతూ మూలుగుతూ అందుకుంది. సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ వచ్చింది. ఆయనకు అర్థమైపోయింది. ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు ఫోన్ చేశాడు. చీకటి పడేవేళకు ఇంకో లారీ వచ్చింది. హమాలీలు చేపల ట్రేలన్నీ అందులోకి మార్చారు. కిరాయి ఆ లారీకి పోయింది. హమాలీల కూలి ఈయన జేబులోంచి పోయింది. ఖాళీ బండిని మరో లారీ వెనక కట్టి విజయవాడ ఆటోనగర్‌కు చేర్చారు.

కుక్కర్ రబ్బరుకు అన్నయ్య

అసలీ ప్యాకింగ్ చేసే పనేమిటి? వంటింట్లోనే ఉంది జవాబు. ప్రెషర్ కుక్కర్ మూతకు ఉండే రబ్బరు చుట్టు గట్టిపడిందనుకోండి. ఏమవుతుంది? విజిల్ రాదు. ఆవిరి పక్కల్నుంచి తన్నుకొస్తుంది. పప్పు ఉడకదు. ఇంజన్‌లోనూ కింద బ్లాకు, పైన హెడ్డు ఉంటాయి. రెండింటికీ మధ్య నలిగేదే ప్యాకింగ్. కాకపోతే కుక్కర్ రబ్బరుకు ఒకటే పని. దీనికి మూడు. సిలిండర్లలో మండే వాయువు బయటికి రాకుండా ఆపాలి. చల్లబరిచే నీళ్లను వాటి దార్లోనే పోనివ్వాలి. ఆయిల్‌ను దాని దార్లో పంపాలి. నిప్పు, నీరు, నూనె... మూడూ కొన్ని మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటాయి. కానీ ఎన్నడూ కలవకూడదు!

డీజిల్ ఇంజన్‌లో ఈ పని మరీ కష్టం. పెట్రోల్ ఇంజన్‌లోలా దీంట్లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని సుమారు పదిహేడో వంతుకు కుదిస్తే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అలా అంటుకున్నప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి వంద రెట్లు దాటుతుంది. ఆ లారీకి ఉన్నది 5.9 లీటర్ల కమిన్స్ ఇంజన్. టాటా, కమిన్స్ కంపెనీలు 1993లో చేతులు కలిపాక జంషెడ్‌పూర్‌లో తయారైన రకం. ఆరు సిలిండర్లు. ఒక్కో సిలిండర్ వ్యాసం 102 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే, మండిన ప్రతిసారీ ఒక్కో సిలిండర్ హెడ్డును దాదాపు 8 టన్నుల బలంతో పైకి తోస్తుంది. ఇంజన్ నిమిషానికి 1800 చుట్లు తిరుగుతుంటే ఆరు సిలిండర్లలో కలిపి సెకనుకు 90 సార్లు మంట రేగుతుంది. ఆ తోపులన్నిటినీ తట్టుకుంటూ హెడ్డును కిందికి అదిమిపట్టేవి 26 బోల్టులు. సందులు మూసేది ఆ ఒక్క రేకు. అది పోవడం వింతేం కాదు. లక్షల కిలోమీటర్లు పోకుండా ఉండటమే గొప్ప!

తెల్లారేదాకా ఆగు

మర్నాడు పొద్దున ఆరింటికే షెడ్డు దగ్గర కూర్చున్నాడు డ్రైవరు. మేస్త్రీకి అరవై దాటుంటాయి. ఆటోనగర్‌లో చాలామందిలాగే చిన్నప్పుడు పానాలు అందించడంతో మొదలుపెట్టి ఇంజన్ల దాకా వచ్చినవాడు.

‘‘ప్యాకింగే బాబాయ్. చూడక్కర్లేదు. విప్పేసెయ్. పదో తారీఖున ఫైనాన్సు కట్టాలి. రెండ్రోజుల్లో బండి రోడ్డెక్కాలి.’’

‘‘విప్పడం ఎంతసేపురా అబ్బాయ్. ఏం వెతకాలో తెలీకుండా విప్పితే ఏం కనపడుద్ది? ఇంజన్ చల్లగా ఉంది. ఇప్పుడే చెప్పుద్ది నిజం. ఓ పావుగంట ఆగు.’’

రేడియేటర్ మూత తీశారు. పైదాకా నీళ్లు పోశారు. కుర్రాడు సెల్ఫ్ కొట్టాడు. అర నిమిషం గడవకముందే నీళ్లలోంచి గుడగుడా బుడగలు! ఇక్కడే ఉంది కిటుకు. వేడి ఇంజన్‌లో బుడగలొస్తే నీళ్లు మరిగి వస్తున్నాయో, ఇంకెందుకొస్తున్నాయో చెప్పలేం. రాత్రంతా చల్లారిన ఇంజన్‌లో అర నిమిషానికే నీళ్లు మరగవు. కాబట్టి వచ్చేది ఆవిరి కాదు, ఎక్కడిదో గాలి.

‘‘చూశావా, నే చెప్పలా?’’ అన్నాడు డ్రైవరు.

మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. గాలి పుట్టే చోటు లారీలో ఇంకోటుంది. ఎయిర్ బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్! దానికీ ఓ చిన్న హెడ్డు, ఓ చిన్న ప్యాకింగ్ ఉంటాయి. దాన్ని చల్లబరిచేదీ ఇంజన్ నీళ్లే. దాని ప్యాకింగ్ పోయినా రేడియేటర్‌లో సరిగ్గా ఇలాగే బుడగలొస్తాయి. ఆ సంగతి మరిచి ఇంజన్ హెడ్డు విప్పేసి, కొత్త ప్యాకింగ్ వేసి, బిల్లు కట్టించుకున్నాక మళ్లీ బుడగలు చూసి తల పట్టుకున్న షెడ్లు ఉన్నాయి. అందుకే కంప్రెసర్‌కు వెళ్లే నీటి గొట్టాలు తీసి, వాటిని ఒకదానికొకటి కలిపేశారు. మళ్లీ స్టార్ట్ చేశారు. బుడగలు ఆగలేదు. అంటే కంప్రెసర్ తప్పేం లేదు.

తర్వాత ఆయిల్ పుల్ల తీసి చూశారు. నీళ్లు కలిస్తే ఇంజన్ ఆయిల్ పాలు పోసిన టీలా మారుతుంది. ఇక్కడ నల్లగానే ఉంది. ‘ఆయిల్ తెల్లగా మారలేదు కాబట్టి ప్యాకింగ్ బాగానే ఉంది’ అనుకునేవాళ్లు చాలామంది. అది సగం నిజమే. ప్యాకింగ్ ఏ రెండు దారుల మధ్య తెగిందన్నదాన్ని బట్టే లక్షణాలు. నీటి దారికీ ఆయిల్ దారికీ మధ్య తెగితే ఆయిల్ పాడవుతుంది. సిలిండర్‌కూ నీటి దారికీ మధ్య తెగితే బుడగలు, తెల్ల పొగ, తరిగిపోయే నీళ్లు. పక్కపక్క సిలిండర్ల మధ్య తెగితే నీళ్లూ ఆయిలూ శుభ్రంగానే ఉంటాయి, బండికి మాత్రం లాగుడు ఉండదు.

మరి ఆరు సిలిండర్లలో ఏది? ఇంజన్ నడుస్తుండగా ఒక్కో నోజిల్‌కు వెళ్లే డీజిల్ పైపు నట్టును కాస్త వదులు చేశాడు మేస్త్రీ. డీజిల్ అందక ఆ సిలిండర్ మానేస్తుంది. ఒకటి... తేడా లేదు. రెండు... తేడా లేదు. మూడోది వదులు చేయగానే బుడగల జోరు బాగా తగ్గింది. దొంగ దొరికాడు. (ఇది పాత రకం పంపులున్న ఇంజన్లతోనే చెల్లుతుంది. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో డీజిల్ ఒత్తిడి వెయ్యి రెట్లు దాటుతుంది. నడుస్తుండగా నట్టు వదిలితే సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరిపోతుంది. వాటి జోలికి వెళ్లకూడదు.)

ఫోన్‌లో ఒక ప్రశ్న

ఆ మధ్యలోనే ఇంటి నుంచి ఫోన్. ఆయన సంగతంతా చెప్పి, ‘‘ప్యాకింగే. రెండ్రోజుల్లో వచ్చేస్తా’’ అన్నాడు. అవతలి నుంచి ఆమె అడిగింది ఒక్కటే.

‘‘అదేంటండీ, మొన్నేగా కొత్తది వేయించారు! మళ్లీ ఎందుకు పోయింది?’’

దానికి ఆయన దగ్గర జవాబు లేదు. ఫోన్ మేస్త్రీకి ఇచ్చాడు. నోటుపుస్తకం ముందేసుకుని ఆమె చెప్పుకుంటూ పోయింది. ‘‘బాబాయ్ గారూ, పోయిన ఆశ్వయుజంలో ఒడిశాలో దార్లో ఆగిపోతే అక్కడే ఒక్క రాత్రిలో ప్యాకింగ్ వేశారు. అప్పట్నుంచీ డీజిల్ ఎక్కువ తాగుతోంది. అంతకుముందు లీటరుకు నాలుగు పైన వచ్చేది. ఇప్పుడు నాలుగు రావట్లేదు. ఖాళీగా వచ్చినప్పుడు కూడా అంతే. బంకువాళ్లు కల్తీ చేస్తున్నారంటారీయన. అన్ని ఊళ్లలోనూ కల్తీయేనా? ఇంకోటి, నెల్లాళ్లుగా రోజూ నీళ్ల క్యాను ఖర్చు రాయిస్తున్నారు. కింద చుక్క కూడా కారట్లేదంటున్నారు. మరి పోసిన నీళ్లేమవుతున్నాయి?’’

నీళ్ల సంగతి మేస్త్రీకి ముందే తెలుసు. బుడగలుగా గాలి లోపలికి వస్తే, ఆ ఒత్తిడికి నీళ్లు పొంగి బయటికి పోతాయి. కొన్ని సిలిండర్‌లోకి చేరి పొగగా మారతాయి. ఆయన్ని ఆపింది డీజిల్ లెక్క. ఫోన్ పెట్టేసి డ్రైవర్ వైపు తిరిగాడు.

‘‘ఆ ఒడిశా షెడ్డులో థర్మోస్టాట్ తీసేశారా?’’

‘‘అదేంటో నాకు తెలీదు. గుండ్రటి ఇత్తడి ముక్కొకటి చేతికిచ్చి, ‘ఇది మన ఎండలకు పనికిరాదు, ఇక నీ బండి వేడెక్కదు’ అన్నారు. టూల్‌బాక్సులో పడేశా.’’

టూల్‌బాక్సు అడుగున, పాత ఫ్యాన్ బెల్టు కింద దొరికింది ఆ ముక్క!

వేడి తగ్గించబోతే వేడి పెరిగింది

థర్మోస్టాట్ అంటే కాలువ మీద తూము లాంటిది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ మూసుకుని ఉంటుంది. నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఇంజన్‌లోనే అడ్డదారిలో తిరుగుతాయి. 83 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకోవడం మొదలవుతుంది. బాగా తెరుచుకున్నాక ఆ అడ్డదారిని మూసేసి, నీళ్లన్నిటినీ రేడియేటర్‌కు పంపుతుంది. ‘దీన్ని తీసేస్తే నీళ్లు ఎప్పుడూ రేడియేటర్‌లోనే తిరుగుతాయి కదా, బండి చల్లగా ఉంటుంది’ అన్నది రోడ్డు పక్క షెడ్లలో బాగా పాతుకుపోయిన నమ్మకం. చూడ్డానికి న్యాయంగానే కనిపిస్తుంది. జరిగేది వేరు. తూము లేకపోతే అడ్డదారి ఎప్పటికీ మూసుకోదు. లోడుతో ఎండలో లాగుతున్నప్పుడు, అంటే చల్లదనం బాగా కావాల్సినప్పుడే, నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండా వేడివేడిగా మళ్లీ ఇంజన్‌లోకే వెళ్తుంది. ఖాళీగా వచ్చేటప్పుడు దీనికి తలకిందులు. ఇంజన్ పనిచేయాల్సినంత వేడి ఎక్కదు. డీజిల్ సరిగా మండదు, మైలేజీ పడిపోతుంది. ఆమె పుస్తకంలో ఉన్నది సరిగ్గా ఇదే.

మేస్త్రీ ఆ ఇత్తడి ముక్కను దారానికి కట్టి, టీ గిన్నెలో నీళ్లు పోసి, స్టౌ మీద పెట్టాడు. పక్కనే ఓ థర్మామీటర్. నీళ్లు 83 డిగ్రీలు దాటాక అది మెల్లగా నోరు తెరిచింది. అంటే తీసి పారేసిన రోజున కూడా అది బాగానే ఉంది!

ఇంకో అనుమానం మిగిలింది. రేడియేటర్ పైభాగం విప్పి చూస్తే గొట్టాల నోళ్లలో సగానికి సగం తెల్లగా, గారగా పూడిపోయాయి. బోరు నీళ్లు రోజూ కాచే గిన్నె అడుగున సున్నంలా పొర కడుతుంది చూడండి, అదే ఇది. దానికి తోడు పసుపుపచ్చటి మడ్డి. అప్పుడెప్పుడో చిన్న లీకు పడితే దార్లో ఎవరో గుప్పెడు పసుపు పోశారట. సన్నటి చిల్లును పసుపు తాత్కాలికంగా పూడుస్తుంది, నిజమే. కాకపోతే ఏది చిల్లో, ఏది నీళ్లు పోవాల్సిన గొట్టమో దానికి తెలీదు. రెంటినీ పూడుస్తుంది!

మొదటిసారి ప్యాకింగ్ ఎందుకు పోయిందో ఇప్పుడు తేలింది. పూడిన రేడియేటర్. దాన్ని ఎవరూ చూడలేదు. కొత్త ప్యాకింగ్ వేసి, పైగా తూము కూడా పీకేశారు. రెండోది ఎనిమిది నెలలు ఆగడమే ఎక్కువ.

పగులు ఉందా, లేదా?

హెడ్డు విప్పే పని మధ్యాహ్నానికి మొదలైంది. క్యాబిన్ లోపల సీట్ల మధ్య ఉండే బానెట్ తీసి, నోజిళ్లు, పైపులు, టర్బో గొట్టాలు ఒక్కోటీ ఊడదీశారు. రాకర్లు, పుష్ రాడ్లు ఏ సిలిండర్‌వి ఆ వరసలోనే అట్టముక్కకు గుచ్చి పెట్టారు. ఆనక ఒకదాని చోట ఒకటి పెట్టకుండా. బోల్టులు ఊడదీసేటప్పుడు అంచుల నుంచి మధ్యకు, కొంచెం కొంచెంగా. సుమారు 50 కిలోల హెడ్డును ఇద్దరు పట్టి లేపారు. మూడో సిలిండర్ పక్కన ప్యాకింగ్ నల్లగా కాలి, నీటి రంధ్రం దాకా గాడి పడింది. ఆ సిలిండర్‌లో పిస్టన్ నెత్తి మిగతావాటికంటే శుభ్రంగా, కడిగినట్టుంది. లోపలికొచ్చిన నీళ్లు ఆవిరై మసిని కడిగేశాయన్నమాట.

హెడ్డు ముఖం మీద ఇనుప స్కేలు నిలబెట్టి, కింద ఫీలర్ గేజి ఆకు దూర్చి చూశారు. మూడో సిలిండర్ దగ్గర ఆకు దూరింది. హెడ్డు వంగింది. ఇక్కడ వెంట్రుక మందం వంపు కూడా ఎక్కువే. అయినా వంపుతో పెద్ద చిక్కు లేదు. లేత్ షాపులో ఫేసింగ్ చేయిస్తే సాపవుతుంది. భయమల్లా పగులు గురించే. వాల్వుల మధ్య పగిలితే హెడ్డు మార్చాల్సిందే. ఆ ఖర్చు తలచుకుని డ్రైవరు మధ్యాహ్నం భోజనం కూడా ముట్టలేదు.

షాపులో హెడ్డుకున్న నీటి రంధ్రాలన్నీ రబ్బరు, ఇనుప పట్టీలతో మూశారు. ఒక గొట్టంలోంచి లోపలికి గాలి కొట్టి, నీళ్ల తొట్టెలో ముంచారు. సైకిల్ ట్యూబుకు పంక్చరు చూస్తారే, అచ్చం అలాగే. అందరూ నీళ్లలోకి వంగి చూస్తున్నారు. నిమిషం... రెండు నిమిషాలు... ఒక్క బుడగ కూడా రాలేదు.

‘‘ఎర్రగీత కాడ ఆపావు చూడు, అదే కాపాడింది. ఇంకో పాతిక కిలోమీటర్లు లాగించుంటే ఈ హెడ్డు పాత ఇనుములోకే’’ అన్నాడు మేస్త్రీ. ఆ రోజు చేపల కిరాయి పోయిందని బాధపడుతున్న డ్రైవర్‌కు అదొక్కటే ఊరట.

బిగించడం ఒక వరస

ఫేసింగ్ అంటే హెడ్డు ముఖాన్ని మెషిన్ మీద సన్నగా కోసి సాపు చేయడం. వీలైనంత తక్కువే కోయాలి. డీజిల్ ఇంజన్‌లో పిస్టన్ పైకొచ్చినప్పుడు హెడ్డుకూ దానికీ మధ్య సందు చాలా తక్కువ. హెడ్డు తరిగితే వాల్వులు కిందికి దిగినట్టే. పిస్టన్ వాటికి తగిలితే ఇంజన్ మొత్తానికే చేటు. అందుకే కోశాక వాల్వులు ఎంత లోతున ఉన్నాయో కొలుస్తారు. కావాలంటే కాస్త మందం ఎక్కువున్న ప్యాకింగ్ వేస్తారు.

బ్లాకు ముఖం తుడవడం కుర్రాడికి అప్పగించారు. సిలిండర్లలో గుడ్డలు కుక్కి, పాత ప్యాకింగ్ పెచ్చులు గీకి తీశాడు. బోల్టు రంధ్రాల్లో గాలి కొట్టాడు. రంధ్రం అడుగున కాసిన్ని నీళ్లో ఆయిలో మిగిలితే, బోల్టు వాటి మీద ఆగి బిగిసినట్టు నటిస్తుంది. తీరా చూస్తే హెడ్డు వదులుగానే ఉంటుంది. సాగిన బోల్టులు ఉన్నాయేమో పొడవు కొలిచి చూశారు. కొత్త ప్యాకింగ్‌ను కవర్లోంచి తీసి పొడిగానే పరిచారు. దీనికి గ్రీజు, జిగురు ఏవీ పూయకూడదు.

కుర్రాడు పానాకు పొడుగాటి పైపు తగిలించాడు. బలంగా బిగించొచ్చని. మేస్త్రీ పైపు లాగేసుకున్నాడు. ‘‘ఇది బలం పని కాదురా, వరస పని’’ అంటూ టార్క్ రెంచ్ అందించాడు. ఎంత బిగువు పడిందో చూపించే పానా అది. పరుపు మీద దుప్పటి ముడతల్ని మధ్యలోంచి అంచులకు సర్దుతారు కదా. ఇక్కడా అంతే. మధ్య బోల్టుతో మొదలుపెట్టి రెండు వైపులకూ. మొదటి విడత 26 బోల్టులూ 90 న్యూటన్ మీటర్లు. మళ్లీ పొడవు బోల్టులు మాత్రం 120. ఆఖరి విడత అన్నిటికీ తలా పావు చుట్టు. ఒకేసారి బిగిస్తే ప్యాకింగ్ ఒకచోట నలిగి ఇంకోచోట వదులుగా ఉండిపోతుంది. తర్వాత ట్యాపెట్ల సందు. ఇన్‌లెట్‌కు పావు మిల్లీమీటరు, అంటే 0.25. ఎగ్జాస్ట్‌కు 0.51.

అసలు గొడవ ఇక్కడ కాదు, రేడియేటర్ దగ్గరొచ్చింది. పూడిన కోర్ మార్చాలంటే ఇంకో రోజున్నర, ఇంకొంత డబ్బు. ‘‘ఈ ట్రిప్పు తిరిగొచ్చాక చేయిస్తా బాబాయ్’’ అన్నాడు డ్రైవరు. పదో తారీఖు ఆయన కళ్ల ముందు తిరుగుతోంది. ‘‘అలాగైతే ఈ ప్యాకింగ్ నేను బిగించినట్టు ఎవరికీ చెప్పమాక’’ అన్నాడు మేస్త్రీ. డ్రైవరు పక్కకెళ్లి ఇంటికి ఫోన్ చేశాడు. అయిదు నిమిషాల తర్వాత వచ్చి, ‘‘మార్చేయమంది. ఫైనాన్సు వాళ్లతో తనే మాట్లాడి నాలుగు రోజులు గడువు అడుగుతుందంట. మూడోసారి ఇదే పేజీ రాసే ఓపిక లేదంది’’ అన్నాడు.

ఆఖరి బిల్లులో అన్నిటికంటే చిన్న అంకెల్లో ఒకటి ప్యాకింగ్‌దే. ఫేసింగ్, కోర్, ఆయిల్, కూలెంట్, కూలీలు... మిగతాదంతా వాటికే. ఎనిమిది నెలల కిందట ఆ ఒక్క చిన్న అంకెతో పనైపోయిందని సంబరపడ్డారు. ఈ మధ్యలో మురిగిన రోజులు, పోయిన కిరాయి, అదనంగా తాగిన డీజిల్ కలుపుకొంటే ఆ చవక రిపేరు ఖరీదెంతో ఆమె పుస్తకంలో వరసగా కనిపిస్తూనే ఉంది.

ముల్లు నడిమధ్యన

అయిదో రోజు పొద్దున్నే బండి చల్లగా ఉండగా మూత తీసి స్టార్ట్ చేశారు. కూలెంట్ కలిపిన నీళ్లలో మొదట రెండు మూడు బుడగలు వచ్చాయి. డ్రైవర్ గుండె జారింది. ‘‘కొత్తగా నీళ్లు పోసినప్పుడు లోపలున్న గాలి పోవాలిగా’’ అన్నాడు మేస్త్రీ. నిజమే, కాసేపటికి నీళ్లు నిలకడగా నిలిచాయి. మూత బిగించి హనుమాన్ జంక్షన్ దాకా తోలుకెళ్లి వచ్చారు. ముల్లు గేజి నడిమధ్యకు వచ్చి అక్కడే నిలబడింది. తెల్ల పొగ లేదు. చల్లారాక మూత తీస్తే నీళ్లు పోసినంతా ఉన్నాయి.

మేస్త్రీ చెప్పిన జాగ్రత్తలు ఏ బండివాళ్లకైనా పనికొస్తాయి. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకూడదు. కంపెనీ చెప్పిన కూలెంట్, మంచి నీళ్లు కలిపి వాడాలి. నీళ్లు తరుగుతుంటే, కింద చుక్క కారకపోయినా సరే, ఎక్కడికో పోతున్నట్టే లెక్క. ఫ్యాన్ బెల్టు బిగువు, రేడియేటర్ మూత రబ్బరు చూసుకోవాలి. ముల్లు పైకెక్కితే ఎంత దగ్గరి ఊరైనా లాగించకూడదు. ఇంజన్‌లో ఏ ముక్కయినా ‘అక్కర్లేదు’ అని ఎవరైనా తీసేస్తే, అది ఏం చేస్తుందో అడిగి తెలుసుకోవాలి.

ఆ తర్వాతి లోడు మళ్లీ చేపలదే. ట్రిప్పు పేజీలో ఆమె కొత్తగా ఒక గడి గీసింది. డీజిల్ పక్కన, టోలు కంటే ముందు. పైన ‘వేడి’ అని రాసింది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ముల్లు ఎక్కడుందో, నీళ్లు ఎంత పట్టాయో ఆయన ఫోన్‌లో చెప్పాలి. మొదట్లో విసుక్కున్నాడు. రెండో ట్రిప్పులో బరంపురం దగ్గర ఓ రాత్రి చెప్పడం మరిచిపోయి పడుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ మోగింది.

‘‘ఏవండీ, నిన్న రాత్రి గడి ఖాళీగా ఉంది. ముల్లు ఎక్కడుంది?’’

ఆయన లేచి, తాళం తిప్పి, గేజి చూసి, అంకె చెప్పాకే మళ్లీ పడుకున్నాడు.